ఖాళీ ఊళ్ళ దారి

మా అత్తమ్మ తుంటి ఎముక విరిగిన ఏడాది మా ఆయన ఒక పాత వ్యాను కొన్నాడు. ఖమ్మంలో ఆయనకు లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. ఏదో సర్కారు శాఖ వాళ్ళు పనికిరాదని పక్కన పెట్టి వేలం వేసిన బండి అది. పొడుగు ముక్కు, వెనక రెండు ఇనుప మెట్లు, పక్కలకు జరిపే చిన్న కిటికీలు, వాటికి అవతలి మనిషి కనపడని పాల అద్దాలు. ఇంజను బాగానే ఉంది కానీ పైరేకు తుప్పు పట్టిపోయింది. దాన్ని షెడ్డులోకి తోయించి, ఆ వానాకాలమంతా మా ఆయన దాని మీదే పడ్డాడు.

అత్తమ్మ కూర్చోలేకపోయేది. పడుకోవటం, లేదా దిండ్లకు ఆనుకుని ఒక పక్కకు ఒరగటం, అంతే. ఆమెను బస్సు ఎక్కించే మాటే లేదు. కానీ ఆమెకు ఒక కోరిక ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆమె దుమ్ముగూడెం వైపు ఒక మిషన్ దవాఖానాలో నర్సుగా చేసింది. ఎడ్లబండి కట్టించుకుని అడవి ఊళ్ళన్నీ తిరిగి కాన్పులు చేసింది. పెళ్ళై మా మామగారికి ఖమ్మంలో బడి పంతులు ఉద్యోగం దొరికాక ఇటు వచ్చేశారు. మళ్ళీ అటు వెళ్ళనే లేదు.

"ఆ గోదారి ఒడ్డు, ఆ ఊళ్ళు ఒక్కసారి సూసొస్తే సాలు బిడ్డా," అనేది నాతో. "లేసి తిరగకున్నా మంచిదే. పండుకునే సూస్త."

ఆమె పడుకుని చూడటానికని మా ఆయన ఆ వ్యానును ఇల్లు చేశాడు. కిటికీ పక్కన నేలకు బిగించిన ఇనుప మంచం. దాని ఎత్తుకు సరిగ్గా కిటికీ అద్దం మార్చాడు, పాల అద్దం తీసేసి మామూలుది వేశాడు. వెనక మూల ఒక తెర, తెర వెనక ఆమె అవసరాలకు ఒక బల్ల. చెక్కపెట్టెలో కిరసనాయిలు పొయ్యి, పైన నీళ్ళ ట్యాంకు, మా ఇద్దరికీ పగలు మడిచిపెట్టే రెండు బల్లలు. బయట నీలం రంగు కొట్టించాడు. వీధిలో ఆడవాళ్ళు ఒకరి తరువాత ఒకరు వచ్చి లోపలికి తొంగి చూసి, "మా ఇంట్ల గూడ ఇంత సక్కగ లేదు గదమ్మా" అని పోయేవారు.

దారి చూసే పని నాది. ఎందుకు నాదంటే, మాది మధిర. మా నాన్న రైల్వేగేటు దగ్గర పని చేసేవాడు. గేటుకు అటూ ఇటూ రోడ్డు మీద అడ్డంగా ఒక ఇనుప కమ్మీ వేలాడుతుండేది, దాని కిందుగా పట్టిన బండే పట్టాలు దాటాలి. గడ్డి ఎక్కువ వేసుకొచ్చిన లారీ ఆ కమ్మీకి తగిలి ఆగటం, డ్రైవరు దిగి తిట్టుకుంటూ సగం గడ్డి దించటం నా చిన్నతనమంతా చూశాను. ఏ బండి ఎక్కడ పడుతుందో, ఎక్కడ పట్టదో అన్న ధ్యాస అలా అలవాటైంది.

మొదట మా బండి ఎత్తు కొలిచాను. వెదురు గడ నిలబెట్టి, ట్యాంకు పైనుంచి బట్టలారేసే తాడు లాగి కొలిచాను. తరువాత లారీల కాటా మీద బరువు తూయించాం. వెడల్పు కొలిచాం. పాత క్యాలెండరు వెనక పెన్సిలుతో దారి గీయటం మొదలుపెట్టాను. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వరకు దిగుల్లేదు. అక్కడ గోదావరి మీద పెద్ద వంతెన, లారీలు పోయే వంతెన. చిక్కంతా దాని అవతల, నది ఒడ్డునే ఎగువకు పోయే రోడ్డులో ఉంది. ఆ ఏడు వరదలకు ఒక వాగు మీది పాత బ్రిడ్జి స్తంభం పగిలింది. బరువైన వాహనములకు ప్రవేశము లేదని బోర్డు పెట్టారు. బస్సులు కూడా ఇవతల ఆగేవి. జనం దిగి, మూటలు నెత్తిన పెట్టుకుని బ్రిడ్జి నడిచి దాటి, అవతల ఇంకో బస్సు ఎక్కేవారు. మా బండి బస్సంత బరువు లేదు కానీ, బోర్డు మీద రాసిన బరువుకు మించే ఉంది.

"ఇంకో తొవ్వ సూడు," అన్నాడు మా ఆయన. "అమ్మను నడిపించి దాటియ్యలేం గదా."

షెడ్డుకు వెదురు లారీలు వచ్చేవి. ఒక పెద్దవయసు డ్రైవరును పిలిచి టీ తెప్పించి అడిగాను. ఆయన నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. బ్రిడ్జి రాకముందే కుడిచేతికి అడవిలోకి ఒక దారి పోతుంది. వెదురు కొట్టేవాళ్ళు వేసుకున్న మట్టిదారి. అడవిలో చుట్టు తిరిగి బ్రిడ్జి అవతల మళ్ళీ నది రోడ్డులో కలుస్తుంది. వంతెనలు లేవు. వాగులు దాటటానికి నేలకు సమంగా రాళ్ళు పరిచిన చప్టాలున్నాయి. కొమ్మలు కిందికి ఉంటాయి కాబట్టి పైన ట్యాంకు తీసేయాలి. రెండు కొసలా అటవీశాఖ గేట్లు, పొద్దు గూకితే వేసేస్తారు.

"లోపల ఊళ్ళున్నాయా?" అని అడిగాను.

"నాలుగైదు ఉంటయమ్మా. మంచోళ్ళు. మేం ఆగితే జావ పోస్తరు, పిల్లలు లారెక్కి ఆడుకుంటరు. మీ అత్తమ్మకు మంచిగ పొద్దుపోతది," అన్నాడు.

వానలు వెలిసి, దారులు గట్టిపడ్డాక, పైన ట్యాంకు దించేసి బయలుదేరాం. భద్రాచలంలో వంతెన దాటుతుంటే అత్తమ్మ కిటికీ అద్దానికి ముఖం ఆనించి నదిని చూసింది. నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ రోజు ఆమె చాలా మాట్లాడింది. ఏ ఊరి మునసబు గుర్రం మీద వచ్చేవాడో, ఏ వాగులో ఆమె ఎక్కిన ఎడ్లబండి ఇరుక్కుపోయిందో, కవలలు పుడితే ఏ ఊళ్ళో భయపడ్డారో, అన్నీ చెప్పింది.

అడవి గేటు దగ్గర గార్డు బయటికొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక మెట్ల దగ్గర కొంచెంసేపు నిలబడ్డాడు.

"దవాఖానా బండా?" అని అడిగాడు.

"కాదన్నా, మా ఇల్లే," అన్నాడు మా ఆయన నవ్వుతూ.

గార్డు నవ్వలేదు. లోపల పడుకున్న అత్తమ్మను చూసి, తల ఊపి, గేటు కర్ర పైకెత్తాడు. "పొద్దు గూకకముందే అవతలి గేటు దాటుండ్రి. మధ్యల తిప్పుకోనీకె జాగ ఉండది," అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. దారి సరిగ్గా ఒక బండి పట్టేంత వెడల్పు. రెండు పక్కలా టేకు చెట్లు, వాటి మధ్య తునికి పొదలు. పెద్ద పెద్ద టేకాకులు బండి రేకును రాసుకుంటూ పోతుంటే లోపల ఎవరో అరచేతులతో పామినట్టు చప్పుడు. ఎండ ఆకుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడుతోంది. చాలా అందంగా ఉంది. అత్తమ్మ మంచం మీంచి చేయి చాచి నా చేయి పట్టుకుంది. "ఇదే వాసన," అంది.

మొదటి ఊరు వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. ఇరవై లోపు గుడిసెలు, శుభ్రంగా అలికిన వాకిళ్ళు. బండి ఆపి దిగాం. ఎవరూ లేరు.

పొలాలకు వెళ్ళి ఉంటారనుకున్నాం. మా ఆయన "ఓ పెద్దమనిషీ" అని రెండు మూడుసార్లు కేకేశాడు. నేను ఒక వాకిట్లోకి నడిచాను. బయటి పొయ్యి మీద కుండలో జావ ఉడుకుతోంది. పొంగి కుండ మీంచి కారి నిప్పు మీద చుర్రుమంటోంది. పక్కన గరిటె నేల మీద పడి ఉంది. చూరుకు కట్టిన గుడ్డ ఉయ్యాల ఊగుతోంది. గాలి లేదు. లోపల బిడ్డ లేదు. నేను చూస్తుండగా ఆ ఉయ్యాల నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది.

నేను వెనక్కి వచ్చేశాను. ఒక కుక్క వాకిట్లో కూర్చుని మమ్మల్నే చూస్తోంది. మొరగలేదు.

"ఏంది బిడ్డా, ఎవ్వరు లేరా?" అత్తమ్మ కిటికీలోంచి అడిగింది.

"పనులకు పోయినట్టున్నారు అత్తమ్మా."

"ముసలోళ్ళు గూడనా?" అంది.

ఇంజను ఆగి ఉంది కాబట్టి అప్పుడు వినపడింది, దూరంగా, మేము వెళ్ళాల్సిన వైపు నుంచి, డోలు చప్పుడు. పండగ దరువు కాదు. రెండు దెబ్బలు, ఆగటం. మళ్ళీ రెండు దెబ్బలు. మేము చెవులు రిక్కించేసరికి అది కూడా ఆగిపోయింది.

కొంత దూరం పోయాక దారికి అడ్డంగా ఒక కొమ్మ పడి ఉంది. విరిగి పడింది కాదు. ఆకులు పచ్చగా ఉన్నాయి, మొదలు కత్తితో నరికి ఉంది. మా ఆయన దిగి పక్కకు లాగి, చేతులు దులుపుకుంటూ ఎక్కాడు. "వెదురోళ్ళ పని అయ్యుంటది," అన్నాడు. ఆయన గొంతులో ఆ మాట మీద నమ్మకం లేదు.

రెండో ఊళ్ళో ఇంకా ఘోరం. అక్కడ ఒక అరుగు మీద ఆకుచుట్ట పెట్టి ఉంది, దాని కొస నుంచి సన్నగా పొగ పైకి లేస్తోంది. రోట్లో సగం దంచిన జొన్నలు. రోకలి నేల మీద పడి ఉంటే ఎత్తి గోడకు ఆనించాను, ఎందుకో అలా వదిలేయబుద్ధి కాలేదు. చేయి పట్టిన చోట కర్ర ఇంకా తడిగా, వెచ్చగా ఉంది. నా వీపు మీద ఎవరి చూపో ఉందని స్పష్టంగా తెలిసింది. తిరిగి చూస్తే చెట్లు. ఎక్కడా ఒక్క ఆకు కదలటం లేదు. అంత పెద్ద అడవిలో పక్షి కూత కూడా లేదు. అలాంటి నిశ్శబ్దం ఎవరో ఊపిరి బిగబట్టినప్పుడే ఉంటుంది.

"వెనక్కి పోదామండీ," అన్నాను.

"ఎట్ల పోతం? తిప్పుకోనీకె జాగ ఏది? రివర్సుల అంత దూరం పోలేం," అన్నాడు. అది నేను గీసిన దారే. అందులో వంతెనలు లెక్క చూశాను, కొమ్మల ఎత్తు లెక్క చూశాను. వెనక్కి తిరగాల్సి వస్తే ఎలాగన్నది మాత్రం ఆలోచించలేదు.

అత్తమ్మ మాట్లాడటం మానేసింది. కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకుని బండి పైకప్పును చూస్తూ పడుకుంది. ఆమెకు ఏమైనా నొప్పిగా ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

చప్టా దగ్గరికి వచ్చాం. పిక్కల్లోతు నీళ్ళు రాళ్ళ మీంచి పారుతున్నాయి. అవతలి ఒడ్డున బండల మీద తడి అడుగులు కనిపించాయి. పెద్దవీ, చిన్నవీ కలిసిపోయి ఉన్నాయి. కొన్ని మరీ చిన్నవి, నడక వచ్చీ రాని పిల్లలవి. అన్నీ నీళ్ళలోంచి ఎక్కి పైకి పోయిన అడుగులే. మేము చూస్తుండగానే ఎండకు ఒక్కొక్కటీ అంచుల నుంచి ఆరిపోతూ మాయమవుతున్నాయి. మా ఆయన కూడా చూశాడు. ఆయన తలుపు వేసుకుని గేరు వేశాడు. చప్టా మధ్యకు రాగానే వెనక చక్రం ఒకటి రాళ్ళ అంచు మీంచి జారి బురదలో దిగబడింది. బండి ఒక పక్కకు ఒరిగింది. గిన్నెలు పడ్డాయి. ఇంజను ఆగిపోయింది.

అత్తమ్మ మంచం నేలకు బిగించి ఉండటంతో ఆమెకు ఏమీ కాలేదు. మా ఆయన నీళ్ళలోకి దిగి చక్రం కింద రాళ్ళు తోయటం మొదలుపెట్టాడు. చాలాసేపు పెనుగులాడాడు. చివరికి, "ఇద్దరు మనుషులన్నా కావాలె. పైన ఊరున్నట్టుంది, సూసి రా. భయమైతే వద్దు," అన్నాడు.

భయంగానే ఉంది. అయినా వెళ్ళాను. ఒడ్డెక్కగానే ఊరు. అదీ ఖాళీనే. వాకిళ్ళన్నీ తెరిచి ఉన్నాయి. నేను నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినపడుతోంది. అన్నిటికంటే చివరి గుడిసె గుమ్మంలో ఒక ముసలామె కూర్చుని ఉంది. మోకాళ్ళు బూరెల్లా వాచి ఉన్నాయి, పరుగెత్తగల మనిషి కాదు. నన్ను చూసి కదల్లేదు. నేను దగ్గరికి వెళ్ళాను.

"అవ్వా, మా బండి దిగబడింది. ఎవరైనా మగవాళ్ళున్నారా?" అని అడిగాను.

ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. తెలుగు మాటలు వెతుక్కుంటున్నట్టు కాస్త ఆగి, చాలా మెల్లగా చెప్పింది.

"మొగోళ్ళు లేరు. మా ఊళ్ళ అందర్ని కోసిండ్రు. ఇంక ఎవ్వరు మిగల్లే. పోండ్రి."

ఆ ఊరంతా ఒక్కసారిగా వేరేగా కనపడింది. తెరిచిన తలుపుల లోపల చీకటి, ఎవరూ లేని వాకిళ్ళు, ఆ ముసలామె ఒక్కతే. కోసిండ్రు. నేను ఇంకేమీ అడగలేదు. చెప్పు ఒకటి ఊడిపోయినా ఆగకుండా చప్టా దాకా పరుగెత్తాను. బండిలోకి ఎక్కి అత్తమ్మ మంచం పట్టుకుని, విన్నది విన్నట్టు చెప్పాను.

అత్తమ్మ కళ్ళు మూసుకుంది. నాకు అర్థం కానిది ఆమెకు వెంటనే అర్థమైంది.

"ఆపరేషన్లు బిడ్డా," అంది. "ఎమర్జెన్సీల మొగోళ్ళను పట్టుకపోయి పిల్లలు కాకుండ ఆపరేషన్లు జేసిండ్రు సూడు. ఈడికి గూడ వచ్చినట్టుంది ఆ బండి. గిట్లాంటి బండే." వెనక తలుపుల వైపు చూసి, "మనల్ని సూసి పారిపోతున్నరు. పొద్దటి సంది," అంది.

మూడు నాలుగేళ్ళ కిందటి సంగతి అది. మేమందరం విన్నదే. పట్టుకుపోయి ఆపరేషన్ చేస్తారని ఖమ్మంలో జనం సినిమాహాళ్ళకు పోవటానికి భయపడిన రోజులున్నాయి. కానీ అవి అయిపోయాయి అనుకున్నాం. ఇక్కడ ఎవరూ వచ్చి అయిపోయాయని చెప్పలేదు.

"వెనక తలుపులు తెరువు," అంది అత్తమ్మ. "నన్ను కనపడనియ్యి."

తలుపులు రెండూ బార్లా తెరిచాను. ఉన్న దిండ్లన్నీ ఆమె తల కింద వేసి ఎత్తు చేశాను. అత్తమ్మ కోయ మాటల్లో పిలవటం మొదలుపెట్టింది. ఆ భాష ఆమెకు వచ్చని నాకు తెలుసు కానీ ఎన్నడూ వినలేదు. ఆమె గొంతు మారిపోయింది, ముసలితనం పోయి గట్టిగా, సాగదీస్తూ, అటు అడవిలోకి. కొన్ని ఊళ్ళ పేర్లు అర్థమయ్యాయి. తన పని చెప్పుకుంటోందని చేతుల వల్ల అర్థమైంది. బొడ్డుకోసే సైగ, బిడ్డను ఎత్తి పట్టుకునే సైగ. పిలిచి ఆగుతుంది. జవాబు ఉండదు. మళ్ళీ పిలుస్తుంది. మా ఆయన నీళ్ళలో నిలబడి వింటున్నాడు. పొద్దు వాలుతోంది. చెట్ల నీడలు వాగు మీదికి పాకాయి. ఆమె గొంతు బొంగురుపోయింది.

మొదట వచ్చింది ఆ ముసలామెనే. కర్ర ఊతంతో ఒడ్డు దిగి, నీళ్ళలో అడుగు పెట్టి, బండి వెనక్కి వచ్చింది. అత్తమ్మను చూడలేదు. బండి ఇనుప మెట్టును చూసింది. వంగి దాని మీద అరచేయి పెట్టి, అంచు పొడుగునా తడిమింది. మధ్యలో ఒక చోట మెట్టు సొట్టబోయి ఉంది. అక్కడ ఆమె చేయి ఆగింది.

"గిదే," అంది. "నా తమ్ముడు ఈ మెట్టు కాడ్నే గుంజుకున్నడు. ఎక్కించిండ్రు. దిగినంక నాలుగొద్దులకు జ్వరంతోటి పోయిండు."

అదే బండి అని ఎలా చెప్పగలం? ఇనుప మెట్లు ఎక్కడైనా సొట్టబోతాయి. మా ఆయన అదే అనబోయి ఆగిపోయాడు. ఆయన చూపు అత్తమ్మ మంచం కాళ్ళ మీద పడింది. నేనూ అటే చూశాను. మంచం బిగించేటప్పుడు ఆయన కొత్తగా ఒక్క రంధ్రం కూడా వేయలేదు. నేలకు అప్పటికే నాలుగు బోల్టు రంధ్రాలు ఉన్నాయి. ఎప్పుడో ఏదో బల్ల బిగించినవి. మనిషి పడుకునే పొడుగుకు సరిపోయాయని మేమే అప్పుడు సంతోషపడ్డాం.

అత్తమ్మ మా ముఖాలు చూసింది, తన మంచం కాళ్ళ వైపు చూసింది. "నన్ను కిందికి దించుండ్రి," అంది. "ఇప్పుడే దించుండ్రి."

ముసలామె ఏదో గట్టిగా పిలిచింది. చెట్ల మధ్య నుంచి మనుషులు వచ్చారు. మేము ఎంతో దూరంలో ఉన్నారనుకున్నవాళ్ళు నిజానికి ఇంత దగ్గర్లో, ఒక్కో పొద వెనక ఇద్దరు ముగ్గురు, చంకల్లో పిల్లలతో ఉన్నారు. ఆ పిల్లల్లో ఒక్కరూ ఏడవలేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ గుబులు పుట్టించింది అదే.

నులకమంచం తెచ్చి వాగులో పట్టుకున్నారు. అత్తమ్మను మా ఆయనా నేనూ లోపలి నుంచి అందిస్తే వాళ్ళు అందుకుని, నలుగురు భుజాల మీద మోసి పైకి తీసుకుపోయారు. బండి లాగటానికి రెండు జతల ఎడ్లు తెచ్చారు, మోకు తెచ్చారు. కానీ మోకు బండికి కట్టింది మా ఆయనే. ఎడ్లు లాగుతుంటే వెనక నుంచి తోసింది మేమిద్దరమే. వాళ్ళలో ఒక్కరూ ఆ రేకు మీద చేయి వేయలేదు.

ఆ సాయంత్రం అత్తమ్మ ఒక వాకిట్లో పడుకుని ఉంటే చుట్టూ ఆడవాళ్ళు చేరారు. కొందరు ఆమెను గుర్తుపట్టారు, కొందరు తమ అమ్మలు చెప్పగా విన్నారు. నర్సమ్మా అని చేతులు పట్టుకున్నారు. ఆమె పేరుపేరునా అడిగింది. చాలామంది లేరు. నేను పక్కనే కూర్చుని, వాళ్ళిచ్చిన జావ తాగుతూ, బండి ఉన్న వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

నా వయసే ఉన్న ఒకామె అంతసేపూ మాట్లాడకుండా నిలబడి, చివరికి తెలుగులో అడిగింది. "నర్సమ్మా, అప్పుడు నువ్వు ఈడ ఉంటే, ఎక్కకుండ్రి అని చెప్పేదానివా?"

అందరూ అత్తమ్మ వైపు తిరిగారు. అబద్ధం చెప్పినా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు.

"తెల్వదమ్మా," అంది. "పైనుంచి ఆర్డరు వచ్చేది. పెద్దోళ్ళు ఏం చెప్తే గదే చేసేటోళ్ళం మేం. నేనుంటే నా మీద నమ్మకంతోటి ఇంకా జల్ది ఎక్కేటోళ్ళేమో మీరు."

ఆ అడిగినామె తల ఊపింది. కోపపడలేదు. కొంచెంసేపటికి వచ్చి అత్తమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఆమె పాదాలు ఒత్తటం మొదలుపెట్టింది.

తెల్లవారి అత్తమ్మ వ్యాను ఎక్కనంది. ఎంత చెప్పినా వినలేదు. వాళ్ళు ఎడ్లబండిలో గడ్డి పరిచి, దాని మీద బొంతలు వేసి ఆమెను పడుకోబెట్టారు. నేను పక్కన నడిచాను. ఎడ్లబండి ముందు, బాగా వెనకగా మా ఆయన ఒక్కడే వ్యానులో. మిగిలిన రెండు ఊళ్ళలో మనుషులున్నారు. మేము ముందే చేరి చెప్పటంతో ఉన్నారు. అయినా వెనక నుంచి ఆ ఇంజను చప్పుడు వినపడగానే మాటల మధ్యలో ఆగిపోయేవారు. తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. నీలం బండి ఊరి మధ్య నుంచి నెమ్మదిగా పోయేదాకా ఎవరూ కదిలేవారు కాదు. మా ఆయన స్టీరింగు పట్టుకుని నేరుగా ముందుకే చూస్తూ పోయేవాడు. ఆయన ముఖం అలా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

దుమ్ముగూడెం నుంచి మా ఆయన ఒక్కడే వ్యానును అదే అడవి దారిలో వెనక్కి తోలుకెళ్ళాడు, అత్తమ్మా నేనూ భద్రాచలానికి పడవలో వచ్చాం. నులకమంచం అలాగే పడవలో పెట్టారు. అత్తమ్మ కోరుకున్నట్టు గోదావరి పొడుగునా పడుకునే వచ్చింది. ఒడ్డున కొండలు, నీళ్ళ మీద కొంగలు, ఇసుక తిన్నెలు. ఆమె చూసింది. సంతోషంగా ఉన్నావా అని అడగటానికి నాకు నోరు రాలేదు. "మంచిగుంది," అని ఆమే అంది, ఒక్కసారి.

వ్యాను కొన్నాళ్ళు షెడ్డు ముందు ఉంది. అమ్ముతానంటే కొనటానికి ఇద్దరు ముగ్గురు వచ్చారు, మా ఆయన ఇవ్వలేదు. తేనె, చీపుళ్ళు అమ్మటానికి అడవి నుంచి వచ్చే ఆడవాళ్ళు మా వీధి చివర ఆగి, దాన్ని చూసి, వేరే వీధిలోంచి చుట్టు తిరిగి పోవటం నేనే రెండుసార్లు చూశాను. ఆ తరువాత ఆయన దాన్ని రేకు రేకుగా విప్పేశాడు. ఇంజను ఒకరికి, చక్రాలు ఒకరికి పోయాయి. నేల రేకును మాత్రం ఎవరికీ అమ్మకుండా ముక్కలు చేసి కరిగించేవాళ్ళకు వేశాడు. అత్తమ్మ ఇంకొన్నేళ్ళు బతికింది. ఆ ప్రయాణం గురించి మా ఇంట్లో మాట్లాడుకోవటం చాలా తక్కువ.

తొంభైల్లో ఒకసారి చర్ల దగ్గర పెళ్ళికి పోతూ నేను ఆ లోపలి దారిలో వెళ్ళాను. అప్పటికి దానికి తారు వేశారు, షేరు జీపులు తిరుగుతున్నాయి. చప్టా మీద చిన్న వంతెన కట్టారు. వంతెన దాటగానే జీపు ఆపమన్నాను. ఊరు లేదు. పాతిన గుంజల గుంతలు వరసగా ఉన్నాయి, వాటిలో గడ్డి మొలిచింది. ఒక చోట నేలలో దిగేసిన రోలు, దాని నిండా వాననీళ్ళు.

"ఇక్కడ ఊరుండాలి కదా?" అని డ్రైవరును అడిగాను. కుర్రవాడు.

"ఊరేందమ్మా? ఈడ ఊరెన్నడు లేదు," అన్నాడు.

జీపు వెనక అంచు మీద కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం అన్నాడు, "ఉండె. రోడ్డు పడుతుందనంగనే లోపటికి జరిగిన్రు."

"ఎంత లోపలికి?"

ఆయన అడవి వైపు చేయి ఊపాడు. అటు చూశాను. టేకు చెట్లు, తునికి పొదలు, మధ్యలో ఒక మనిషి నడిచేంత సన్నని బాట, అదీ కొంచెం దూరం పోయాక ఆకుల్లో కలిసిపోయింది.

"బండి పోయే తొవ్వ లేదమ్మా," అన్నాడాయన. "వాళ్ళే ఉంచుకోలే."

డ్రైవరు హారను కొట్టాడు. ఎక్కి కూర్చున్నాను. జీపు కదిలాక చాలాసేపు, నాకు తెలియకుండానే, రోడ్డు పక్క పొదల్లోకి చూస్తూ ఉన్నాను.